అయ్యవారి చీటీ

నెల్లూరు ట్రంకు రోడ్డులో నాకు ఇరవై ఏళ్ళపాటు క్యాసెట్ల రికార్డింగ్ షాపు ఉండేది. 1983లో పెట్టాను, 2003లో మూసేశాను. జనం కావలసిన పాటలు చీటీ మీద రాసుకుని వచ్చేవాళ్ళు. ఏ పాట ఏ రికార్డులో ఉందో వెతికి, అరవై నిమిషాల సి-60 క్యాసెట్టు కావాలా తొంభై నిమిషాల సి-90 కావాలా అని అడిగి, రెండు రోజులాగి రమ్మనేవాణ్ణి. చీటీలు పోతాయని ప్రతి ఆర్డరూ ఒక పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించేవాణ్ణి. పేరు, ఊరు, తేదీ, పాటల వరస. షాపు మూసినప్పుడు రికార్డులూ డెక్కులూ అమ్మేశాను గానీ ఆ నోటుబుక్కులు పాత కాగితాల వాడికి వేయడానికి మనసొప్పలేదు. పదకొండు పుస్తకాలు. అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను.

ఇప్పుడు నేను రోజూ సాయంత్రం పెన్న దాటి కోవూరు వైపు ఒక వృద్ధాశ్రమానికి వెళ్తాను. మా పెద్దక్క అక్కడ ఉంది. 1946లో పుట్టింది. మతిమరుపు జబ్బు మొదలై ఐదేళ్ళు, ఆశ్రమంలో చేరి రెండున్నరేళ్ళు. నన్ను ఒకరోజు తమ్ముడంటుంది, ఒకరోజు మా నాయన పేరు పెట్టి పిలుస్తుంది. అక్కడ ఇరవై రెండు మంది ఉంటే అందులో తొమ్మిది మందికి ఇదే జబ్బు. సాయంత్రం నాలుగైందంటే వీళ్ళలో గుబులు మొదలవుతుంది. ఒకాయన చొక్కాలు మూటగట్టుకుని గేటు దగ్గర నిలబడతాడు. ఒకావిడ "పిల్లకాయలు బడి నుంచి వచ్చేస్తారు, నేను పోవాల" అని ఏడుస్తుంది. డాక్టరు చెప్పాడు, పొద్దు వాలేటప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఇలా అవుతుందని.

మా అమ్మాయి ఒకరోజు ఫోనులో ఒక విషయం చెప్పింది. అమెరికాలో డాన్ కోహెన్ అనే సోషల్ వర్కరుకి 2006లో ఒక ఆలోచన వచ్చిందట, నర్సింగ్ హోముల్లో ఉన్న ముసలివాళ్ళకి ఒక్కొక్కరికి వాళ్ళకిష్టమైన పాటలే ఐపాడ్‌లో వేసి వినిపించాలని. ఏళ్ళ తరబడి మాటా పలుకూ లేనివాళ్ళు పాట వినగానే కదిలారట. "నాన్నా, నీకు పాటలు తెలుసు కదా, అత్తకి పెట్టి చూడు" అంది. పాటలు నా వృత్తి. ఇది నా చేతిలో పని అనిపించింది. ఆ రాత్రే కూర్చుని అరవై పాటలు ఒక పెన్‌డ్రైవులో ఎక్కించాను. మన నెల్లూరు వాళ్ళం, బాలసుబ్రహ్మణ్యం మనవాడు. ఆయన ఇల్లు తిప్పరాజువారి వీధిలో ఉండేది, 2020లో దాన్ని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశాడు. కాబట్టి అరవైలో నలభై ఆయనవే వేశాను. అన్నీ నా షాపులో ఎక్కువ అమ్ముడుపోయిన పాటలు.

హాల్లో పెడితే ఎవరూ పలకలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మా అక్క చెవులు మూసుకుంది.

రెండు రోజులు బాధపడ్డాను. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆశ్రమంలో ఎక్కువమంది ఎనభై చుట్టూ ఉన్నవాళ్ళు. మనిషికి పదిహేను నుంచి పాతికేళ్ళ మధ్య విన్న పాటలే అన్నిటికన్నా లోతుగా నిలుస్తాయంటారు. 1943లో పుట్టిన మనిషికి ఆ వయసు అంటే 1958 నుంచి 1968. బాలు సినిమాకి మొదటి పాట పాడిందే 1966 డిసెంబరులో. నేను వేసిన పాటలు వచ్చేనాటికి వీళ్ళు నలభైలో ఉన్నారు, పిల్లల ఫీజులూ పొలం అప్పులూ చూసుకుంటూ ఉన్నారు. అవి వాళ్ళ పాటలు కావు, వాళ్ళ పిల్లల పాటలు. నిజానికి అవి నా పాటలు. నేను షాపులో కూర్చుని నా పడుచుదనాన్ని రికార్డు చేసుకుని వీళ్ళకి వినిపించాను. "పాత పాటలు" అని అందరికీ కలిపి ఒక మూట ఉండదు. 1974లో ఘంటసాల పోయేనాటికి పాతికేళ్ళున్నవాళ్ళు వేరు, పదేళ్ళున్నవాళ్ళు వేరు.

అక్కతో మళ్ళీ మొదలుపెట్టాను. పదిహేడో ఏట పెళ్ళయి అల్లూరు వెళ్ళింది. అత్తగారింట్లో మర్ఫీ రేడియో ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వంటింటి గడప దగ్గర ఆడవాళ్ళంతా చేరి సిలోన్ రేడియోలో తెలుగు పాటలు వినేవాళ్ళు. మా కోస్తా ఊళ్ళల్లో సిలోను బాగానే పట్టేది. ఆ పాటలు వినిపించే అనౌన్సరు పేరు మీనాక్షి పొన్నుదురై. పాటలు పెట్టే ముందు నేను అక్కతో "మీనాక్షి పొన్నుదురై గుర్తుందా?" అన్నాను. తల తిప్పి నా వైపు చూసింది. "వచ్చేసిందా? ఇంకా గిన్నెలు కడగలేదే" అంది. అప్పుడు సుశీల పాట ఒకటి పెట్టాను, అరవై మూడో అరవై నాలుగో సంవత్సరం నాటిది. పల్లవి రెండోసారి వచ్చేసరికి అక్క పెదవులు కదిలాయి. చరణంలో మాటలు తప్పలేదు. పొద్దున ఇడ్లీ తిన్నదీ లేనిదీ చెప్పలేని మనిషి, రెండో చరణం మొత్తం పాడింది.

అప్పటి నుంచి ఆశ్రమంలో ఒక్కొక్కరి గురించీ విచారించడం మొదలుపెట్టాను. చూడడానికి వచ్చిన కొడుకులనీ కోడళ్ళనీ కూతుళ్ళనీ పట్టుకుని అడుగుతాను. ఏ ఊళ్ళో పుట్టారు, ఏ సంవత్సరం, ఇంట్లో రేడియో ఉండేదా, ఊళ్ళో టెంటు సినిమా ఉండేదా, గుడా, మసీదా, చర్చా, నాటకాలు చూసేవాళ్ళా, పొలం పనికి వెళ్ళేవాళ్ళా. "మా అమ్మకి పాటలంటే పెద్ద ఇష్టం లేదండీ" అని చాలామంది అంటారు. ఆ మాట నేను నమ్మడం మానేశాను.

కోవూరు అవ్వ వల్ల మానేశాను. ఆమెకి ఎనభై ఆరు. కొడుకు చెప్పాడు, జీవితంలో నాలుగైదు సినిమాలు చూసి ఉంటుంది, రేడియో లేదు అని. సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టాను, అలాగే కూర్చుంది. స్నానం చేయించడం ఆమెతో పెద్ద యుద్ధం. నీళ్ళు పడగానే కొట్టేది, కొరికేది. ఆశ్రమంలో ఆయాగా చేసే అమ్మాయిది విడవలూరు పక్కన పల్లె. ఒకరోజు ఊరికే తనలో తను నాట్ల పాట ఒకటి తీసింది. పెన్న కింద పొలాల్లో నడుము వంచి నారు నాటుతూ ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాట. ఆయా మొదటి వరస పాడి చెంబు కోసం ఆగింది. అవ్వ రెండో వరస అందుకుంది. ఆయా చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మళ్ళీ పాడింది, మళ్ళీ అవ్వ అందుకుంది. ఇప్పుడు రోజూ స్నానం ఆ పాట మీదే జరుగుతుంది. వరస ఆయాది, జవాబు అవ్వది, చేతులు తనే పైకెత్తుతుంది. నేను ఆ పాటని ఫోనులో రికార్డు చేసి స్పీకర్లో పెట్టి చూశాను. పని చేయలేదు. అది వినే పాట కాదు, ఇద్దరి మధ్య నడిచే పాట. ఎదుట మనిషి ఉండాల్సిందే. ఇన్నేళ్ళుగా పాట అంటే రికార్డు అనుకుంటూ బతికిన నాకు ఆ అమ్మాయి నేర్పిన విషయం ఇది. నాట్ల పాటలు, దంపుడు పాటలు, సంక్రాంతి గొబ్బి పాటలు, మంగళహారతులు ఇవేవీ నా షాపులో ఎప్పుడూ లేవు. అవి అడగడానికి ఎవరూ చీటీ రాసుకుని రాలేదు.

ఒంగోలు అమ్మది ఇంకో రకం. రిటైరైన నర్సు. వాళ్ళది బాప్టిస్టు మిషన్ కుటుంబం. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు కదా, అందులో వాళ్ళ ముత్తాత ఒకడని కూతురు చెప్పింది. కూతురు ప్రేమతో ఇప్పటి క్రైస్తవ పాటలు, కీబోర్డు, డ్రమ్స్ ఉన్నవి, వంద పంపింది. ఆ అమ్మ వాటికి ముఖం తిప్పుకునేది. దేవుడి మీద కోపం వచ్చిందేమో అని కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోపం కాదమ్మా, ఆ పాటలు ఆమెకు తెలియవు అన్నాను. ఇంట్లో పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం వెతికి తెమ్మన్నాను. అట్ట ఊడిపోయిన పుస్తకం. దాన్ని చేతిలో పెడితే చాలు, ఆ అమ్మ పేజీ తిప్పి నిదానంగా, చర్చిలో హార్మోనియం ఎంత నిదానంగా వాయిస్తారో అంత నిదానంగా మొదలుపెట్టింది. చదవడం ఆమెకి ఎప్పుడో పోయింది. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా పాట సరిగ్గానే వస్తుంది.

దర్గామిట్ట తాత దగ్గర తప్పు తేలిగ్గానే దొరికింది. అందరితోపాటు ఆయనకీ తెలుగు పాటలే పెడుతున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషికి. లారీ మెకానిక్కుగా చేసేవాడట. బుధవారం రాత్రి ఎనిమిదికి సిలోన్ రేడియోలో వచ్చే హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా వినడానికి షెడ్డు మూసేవాడని కూతురు చెప్పింది. రఫీ పాట పెట్టగానే స్పానరు తిప్పుతున్నట్టు వేళ్ళు కదిలిస్తూ తాళం వేశాడు. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర ఖవ్వాలీ జరిగితే ఫోను చేసి వినిపిస్తానని ఆమెకి మాటిచ్చాను.

పాట ఏడిపించే సంగతి కూడా చెప్పాలి, ఇది చాలామంది చెప్పరు. ఆశ్రమంలో ఒక పెద్దావిడ, మృదువైన మనిషి. లాలిపాట పెడితే బాగుంటుందనుకున్నాను. పెట్టిన నిమిషానికి లేచి మంచాల కింద వెతకడం మొదలుపెట్టింది. "బిడ్డేదీ, ఇప్పుడే పడుకోబెట్టినానే" అని రాత్రి పదకొండు దాకా వెతికింది. ఎవరు పట్టుకున్నా ఆగలేదు. రెండేళ్ళ పిల్లవాడు పోయాడని కొడుకు తర్వాత చెప్పాడు, ఆయన కూడా చూడని అన్న. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను. ఇప్పుడు గోడకి తగిలించిన అట్ట మీద ఒక్కొక్కరి పేరు కింద "పెట్టాల్సినవి" అని ఒక గడి, "పెట్టకూడనివి" అని ఒక గడి ఉన్నాయి. రెండో గడి నింపాకే మొదటి గడి నింపుతాను. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడు, పడుచు వయసులో పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టాడు. రాయబారం పద్యాలంటే పులకరించిపోతాడు. కాటి సీను పద్యాలు పెడితే మాత్రం కుంగిపోతాడు. అది రెండో గడిలో ఉంది. పద్యం చివర రాగం తీసి ఆగగానే నర్సమ్మ "వన్స్ మోర్!" అంటుంది. ఆయన కండువా సర్దుకుంటాడు. కండువా భుజం మీద ఉన్నా లేకపోయినా.

ఏడుపంతా చెడ్డది కాదు. కొందరు ఏడ్చి తేలికపడతారు. ముఖం చూస్తే తెలుస్తుంది. అందుకే పాట పెట్టి పక్కకి వెళ్ళిపోకూడదు. ఎదురుగా కూర్చుని కనుబొమలు, వేళ్ళు, పాదాలు చూడాలి. నచ్చితే ముందు బొటనవేలు కదులుతుంది. నచ్చకపోతే చీర కొంగు నలపడం మొదలవుతుంది.

ఇంకొన్ని నాకు అనుభవంలో తెలిసినవి. ఫోనులో నేరుగా నెట్‌లో పాట పెట్టకండి. మంచి పాట మధ్యలో బంగారం షాపు ప్రకటన గట్టిగా వస్తే మా అక్క ఉలిక్కిపడి కుర్చీలోంచి జారింది. పాటలు ముందే దింపుకుని పెట్టుకోండి. హాల్లో టీవీ ఆపించండి. దీనికి నేను మేనేజరుతో వారం రోజులు వాదించాను, ఇప్పుడు నాలుగు నుంచి నాలుగూ నలభై దాకా టీవీ ఆపుతారు. హెడ్‌ఫోన్లు కొందరికి బాగుంటాయి, కొందరు చెవుల మీద ఏదో వాలిందని భయపడతారు. అప్పుడు చిన్న స్పీకరు, మనిషికి దగ్గరగా. పాత పాటకి కొత్త గొంతుతో, కొత్త వాయిద్యాలతో చేసినవి వద్దు. ఆ రోజుల్లో విన్న గొంతు, ఆ వేగమే కావాలి. రోజంతా మోగించకండి, అరగంట చాలు. పొద్దు వాలి గుబులు మొదలు కాకముందే పెట్టండి, మొదలయ్యాక పెడితే ఆ గోలలో పాట ఇంకో గోల అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, "ఈ పాట ఏ సినిమాలోదో చెప్పు చూద్దాం" అని అడగకండి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అందరూ చేసే పని ఇదే. అప్పటిదాకా వెలిగిన ముఖం పరీక్ష హాల్లో పిల్లవాడి ముఖంలా అయిపోతుంది.

పాట మందు కాదని మా డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. జబ్బు తగ్గదు, ఆగదు. కానీ ఎంతోకాలంగా తెలిసిన పాటల్ని పట్టుకునే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికన్నా ఆలస్యంగా దెబ్బతింటాయని 2015లో జర్మనీలో లైప్‌జిగ్ పరిశోధకులు చూపించారని కూడా ఆయనే చెప్పాడు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ఆశ్రమాల్లో లేరు, మన ఇళ్ళల్లో మంచాల మీద ఉన్నారు. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళు ఉంటే, వాళ్ళు చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకోండి. ఇరవై పాటలు చాలు. నేను అక్కని అడగలేదు. పక్కపక్కనే ఇన్నేళ్ళు బతికి, ఊరందరి చీటీలూ రాసుకుని, అక్క చీటీ రాసుకోలేదు. ఇప్పుడు ఊహించుకుంటూ వెతుకుతున్నాను.

అడిగి రాసుకున్నది ఎంత పనికొస్తుందో అయ్యవారి వల్ల తెలిసింది. ఆయన నిరుడు శ్రావణంలో చేరారు. మాట దాదాపు పడిపోయింది. కుర్చీలో కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటారు. కోడలు వివరాలు చెబుతుంటే పక్కన ఉన్నాను. బుచ్చిరెడ్డిపాలెం, హైస్కూల్లో తెలుగు అయ్యవారు, 1941 పుట్టుక. పేరు వినగానే ఎక్కడో తగిలింది. ముఖం మారిపోయింది గానీ, సైకిలు క్లిప్పు పెట్టిన పంచె గుర్తొచ్చింది. ఇంటికొచ్చి అటక ఎక్కాను. నాలుగో పుస్తకంలో దొరికింది. 1986 సెప్టెంబరు, సి-60 ఒకటి, పదహారు పాటలు. ఘంటసాలవి ఏడు, లీలవి నాలుగు, ఏ.ఎం. రాజా, జిక్కీ కలిసి పాడినవి మూడు, సుశీలవి రెండు. అన్నీ 1955కీ 1965కీ మధ్యవి. నలభై ఐదేళ్ళ వయసులో, షాపు నిండా కొత్త పాటలు మోగుతుంటే, ఆయన తన పడుచు రోజుల పాటలు ఏరుకుని వెళ్ళారు.

పదహారూ సంపాదించాను. మొదటిరోజు ఎలా దొరికితే అలా వేసి పెట్టాను. రెండు పాటలకి కళ్ళు తెరిచి చూశారు, అంతే. అదైనా సంతోషమే అనుకుని ఇంటికొచ్చాను. రాత్రి పుస్తకం మళ్ళీ చూస్తే వరస పక్కన అంకెలు ఉన్నాయి. ఆయన వరస మారకూడదని రెండుసార్లు చెప్పినట్టు నా చేతిరాతలో ఉంది, "వరస ముఖ్యం" అని కింద గీత గీసి మరీ. మర్నాడు అదే వరసలో పెట్టాను. ఎనిమిది పాటలు ఒక వైపు. అవి ఇరవై ఏడు నిమిషాలకి అయిపోతాయి. ఖాళీ టేపు వదలడం నాకు ఇష్టముండేది కాదు, మిగిలినచోట ఎప్పుడూ ఒకే వీణ ముక్క వేసి నింపేవాణ్ణి. అది కూడా వెతికి చివర్లో అతికించాను.

మూడో పాట అయిపోయింది. నాలుగోది ఇంకా మొదలు కాలేదు. ఆ మధ్యలో రెండు సెకన్ల నిశ్శబ్దంలో అయ్యవారు గొంతులో ఏదో అన్నారు. మా అక్కేమో అనుకుని అటు చూశాను. కాదు, ఆయనే. నాలుగో పాట పల్లవి ఎత్తుకున్నారు, స్పీకరు కన్నా ముందే, సరైన శ్రుతిలో. ఐదో పాటకీ అంతే. ఆరుకీ అంతే. ప్రతి పాట అయ్యాక తర్వాతిది ఆయన దగ్గర మొదలై స్పీకర్లోకి వచ్చింది. నర్సమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఎనిమిదో పాట అయింది. వీణ వచ్చింది. ఆయన వేలు కుర్చీ చేతి మీద తీగ మీటినట్టు కదిలింది.

వీణ ఆగిపోయింది. అయ్యవారు కుడిచేయి ముందుకు చాపారు. బల్ల మీద బొటనవేలితో ఒక్కసారి గట్టిగా నొక్కారు. తర్వాత రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని పైకి తీసి, మెల్లగా తిప్పి, మళ్ళీ లోపల పెట్టారు. నా వైపు చూసి ఆగారు.

నేను తొమ్మిదో పాట పెట్టాను.